ఊరు కాని ఊళ్ళో, రోగాల రోజుల్లో...

కరోనా రోజులు అనగానే మనలాంటి ఇల్లాళ్ళకి ఏం గుర్తొస్తాయి చెప్పండి? మిరియాల కషాయం, పసుపు వేసిన ఆవిరి, కూరగాయల్ని ఉప్పునీళ్ళలో కడుక్కోవడం, పిల్లల ఫోను క్లాసులు, ఇంట్లోంచి కదలని మగవాళ్ళకి పూటపూటా కాఫీలు! విసుగొచ్చిన మాట నిజమే గానీ, మన గుమ్మంలో మనం ఉన్నాం. డబ్బాలో బియ్యం ఉన్నాయి. కొళాయి తిప్పితే నీళ్ళొచ్చాయి. అరువిచ్చే కిరాణా కొట్టాయనకి మన ముఖం తెలుసు.

ఇవేవీ లేనివాళ్ళ సంగతి ఏమిటి? 2020 మార్చి 24 రాత్రి ఎనిమిది గంటలకి ప్రధానమంత్రి టీవీలో కనిపించి, ఆ అర్ధరాత్రి నుంచే దేశమంతా బంద్ అన్నారు. మధ్యలో ఉన్నది నాలుగు గంటలే. రైళ్ళు లేవు, బస్సులు లేవు. పొట్ట చేత్తో పట్టుకుని పరాయి ఊరు వెళ్ళినవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు.

మన గోదావరి జిల్లాలకి ఈ కథ రెండు వైపుల నుంచీ తెలుసు. ఒరిస్సా నుంచి ఇటుక బట్టీలకీ, బీహారు నుంచి రైసు మిల్లుల్లో బస్తాలు మోయడానికీ మన దగ్గరికి వచ్చేవాళ్ళున్నారు. కోనసీమ నుంచీ, నరసాపురం, భీమవరం వైపు నుంచీ కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్ళి ఇళ్ళల్లో పని చేసే మన ఆడవాళ్ళూ ఉన్నారు. ఇక్కడ వాళ్ళు వలసవాళ్ళయితే అక్కడ మనవాళ్ళు వలసవాళ్ళు. ఇద్దరికీ ఎదురైన ప్రశ్న మాత్రం ఒక్కటే: "నీ కార్డేదీ?"

ముందు మన వైపు సంగతి. ఆ మార్చి నెలాఖరులోనే మన రాష్ట్రంలో రేషన్ కార్డున్నవాళ్ళకి ఉచితంగా బియ్యం, కందిపప్పు ఇచ్చారు. ఏప్రిల్ 4న కార్డున్న కుటుంబానికి వెయ్యి రూపాయల చొప్పున, అప్పట్లో ఉండే వాలంటీర్లు ఇంటికి తెచ్చి మరీ ఇచ్చారు. జనధన్ ఖాతా ఉన్న ఆడవాళ్ళకి మూడు నెలలపాటు నెలకి 500 కేంద్రం వేసింది. కాదనడానికి లేదు, మంచి పనే. మా వీధిలో ఆ వెయ్యితోనే ఆ నెల గడిపిన ఇళ్ళు నాకు తెలుసు. కానీ మిల్లు వెనక రేకుల షెడ్డులో ఉన్న బీహారు కుర్రాడి కార్డు వాళ్ళ ఊళ్ళో, వాళ్ళమ్మ ట్రంకు పెట్టెలో ఉంది. మన జాబితాలో అతని పేరుండదు. వాళ్ళ ఊరి జాబితాలో పేరుంది గానీ మనిషి అక్కడ లేడు. రెండు చోట్లా లెక్కలు సరిపోయాయి, మధ్యలో మనిషి పస్తున్నాడు.

అలాంటి చోట మొదట పనికొచ్చింది కార్డు అడగని అన్నమే. మా వైపు గుళ్ళ వాళ్ళూ, కుర్రాళ్ళూ, మిల్లుల వాళ్ళూ, కాస్త ఓపికున్న ఆడవాళ్ళూ పొట్లాలు కట్టారు. మా వీధిలో నాలుగిళ్ళ వాళ్ళం కలిసి కొన్నాళ్ళు పులిహోర చేశాం. ఎందుకు పులిహోరే అంటే, ఏప్రిల్ ఎండకి సాంబారన్నం మధ్యాహ్నానికే పులిసిపోతుంది. పెరుగన్నం సంగతి చెప్పనే అక్కర్లేదు. చింతపండు గుజ్జుని నూనె పైకి తేలేదాకా ఉడికించి, అన్నం బాగా ఆరాక కలిపితే సాయంత్రం దాకా ఢోకా ఉండదు. నిమ్మకాయ పులిహోర అంతసేపు ఆగదు, వేరుశనగ గుళ్ళు మెత్తబడిపోతాయి. ఇంత శ్రద్ధగా చేసి పంపితే మూడో రోజు పొట్లాలు పంచే కుర్రాడు వచ్చి, "పిన్నిగారూ, వాళ్ళు పులుపు తినలేకపోతున్నారండి, గోధుమపిండి ఇమ్మంటున్నారు, చపాతీలు వాళ్ళే కాల్చుకుంటారట" అన్నాడు. నిజమే కదా! మన పిల్లలు ఢిల్లీ వెళ్ళి నాలుగు రోజులు రొట్టెలు తింటే అన్నం కోసం మొహం వాచిపోరూ? ఆ మర్నాటి నుంచి పిండి, బంగాళాదుంపలు, ఉల్లిపాయలు, నూనె ప్యాకెట్టు, అగ్గిపెట్టె కలిపి సంచీ కట్టాం. మాకూ పని తగ్గింది, వాళ్ళకీ నోటికి రుచి తెలిసింది.

మే నెల వచ్చేసరికి నడక మొదలైంది. చెన్నై నుంచీ, గుంటూరు, విజయవాడ వైపు నుంచీ ఒరిస్సా, బెంగాల్ వెళ్ళేవాళ్ళు జాతీయ రహదారి పట్టుకుని రాజమండ్రి, జగ్గంపేట, కత్తిపూడి, అన్నవరం, తుని మీదుగా నడిచారు. నడినెత్తిన ఎండ, చంకలో పిల్ల, నెత్తిన మూట. ఇక్కడ మా పెద్దాపురం సంగతొకటి చెప్పుకోవాలి. పెద్దాపురం సంస్థానపు మహారాణి బుచ్చి సీతయమ్మగారి పేరున మా ఊళ్ళో ఒక సత్రం, కత్తిపూడిలో ఒక సత్రం ఉన్నాయి. రైళ్ళు రాని కాలంలో ఆ దారిన పోయే బాటసారులకి అన్నం పెట్టడానికి వెలిసినవి. నీదే ఊరు, నీ పేరు ఏ చిట్టాలో ఉంది అని అడక్కుండా విస్తరి వేసేవారని పెద్దవాళ్ళు చెబుతారు. అన్నేళ్ళ తర్వాత అదే దారిలో మళ్ళీ కాలినడకన బాటసారులు! అప్పటి రాణిగారికి తట్టిన సంగతి ఇప్పటి ఆఫీసులకి తట్టడానికి ఏడు వారాలు పట్టింది.

తట్టిన తర్వాత మాత్రం పని జరిగింది. మే 15న మన రాష్ట్ర హైకోర్టు, నడిచిపోతున్నవాళ్ళకి దారి పొడవునా భోజనం, మంచినీళ్ళు, నీడ, మందులు ఏర్పాటు చెయ్యాలని ఆదేశించింది. ఆ ఆదేశంలో ఒక మాట చదివి నేను ఆశ్చర్యపోయాను. ఆడవాళ్ళకి చాటున్న తాత్కాలిక మరుగుదొడ్లు పెట్టాలనీ, అక్కడ శానిటరీ ప్యాడ్లు దొరికే ఏర్పాటుండాలనీ కూడా రాశారు. రోజుల తరబడి రోడ్డు మీద నడిచే ఆడదానికి నెలసరి వస్తే ఏమవుతుందని ఒక కోర్టు కాగితం మీద ఆలోచించడం నేనెప్పుడూ చూడలేదు. దానం చేసేవాళ్ళు ఎప్పుడూ అన్నమే తలుచుకుంటారు, మనమూ అంతే. మా సంచుల్లో ఆ తర్వాతే పాతచీర ముక్కలకి బదులు ప్యాడ్ల ప్యాకెట్లు చేరాయి. మగపిల్లలు పంచడానికి మొహమాటపడితే గోధుమపిండి అడుగున పెట్టి పంపాం. ఆ రోజుల్లోనే రాష్ట్ర ప్రభుత్వం నడిచేవాళ్ళని బస్సులెక్కించి సరిహద్దు దాకా దింపడం మొదలుపెట్టింది.

రైళ్ళ సంగతి మీకు తెలిసిందే. మొదటి శ్రామిక రైలు మే 1న హైదరాబాదు పక్కన లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకి వెళ్ళింది. అవి ఆగేలోగా 63 లక్షల మంది వాటిలో ఊళ్ళు చేరారు. గుజరాత్‌లోని వేరావల్ రేవులో చిక్కుబడ్డ మన శ్రీకాకుళం, విజయనగరం జాలర్లు దాదాపు నాలుగు వేల మందిని బస్సుల్లో వెనక్కి తెచ్చుకున్నదీ ఆ వారంలోనే.

ఇక మన ఆడవాళ్ళు. ఈ కథే చెప్పాలని కూర్చున్నాను.

కువైట్‌లో ఇంటి పనికి వెళ్ళినవాళ్ళు రెండు రకాలు. సేఠు ఇంట్లోనే ఉండేవాళ్ళు కొందరు. ఆ ఇంట్లో జీతం సరిగ్గా ఇవ్వకో, చాకిరీ భరించలేకో బయటికి వచ్చేసి, కాగితాలు లేకుండా గది అద్దెకి తీసుకుని నాలుగిళ్ళలో పని చేసుకునేవాళ్ళు కొందరు. మొదటి రకం వాళ్ళకి కరోనా అంటే చాకిరీ రెట్టింపు. పిల్లలు, పెద్దలు అందరూ ఇంట్లోనే, శుక్రవారం సెలవు లేదు, వీధి మొహం చూడ్డం లేదు. రెండో రకం వాళ్ళకి పనే పోయింది. మనవాళ్ళు ఎక్కువగా ఉండే జలీబ్ ప్రాంతాన్నీ, మహబూలానీ ఏప్రిల్ మొదటి వారంలో పూర్తిగా మూసేశారు. మే 10 నుంచి నెలాఖరు దాకా దేశమంతా పూర్తి కర్ఫ్యూ. ఇంట్లో పని చేసుకుని బతికే మనిషికి ఇంకొకరి ఇంటికి వెళ్ళే వీలే లేకపోతే ఏం తింటుంది, ఇంటికేం పంపుతుంది?

అప్పుడే కువైట్ ప్రభుత్వం ఒక మంచి పని చేసింది. కాగితాలు లేనివాళ్ళు ఏప్రిల్ నెలలో వచ్చి పేరు రాయించుకుంటే జరిమానా ఉండదు, విమానం టికెట్టు మేమే పెడతాం, తర్వాత కావాలంటే కొత్త వీసా మీద మళ్ళీ రావచ్చు అంది. ఒక్కో దేశానికి కొన్ని రోజులు కేటాయించారు. మన భారతీయులకి ఏప్రిల్ 16 నుంచి 20 దాకా, అంటే అయిదే అయిదు రోజులు. బడుల్లో పెట్టిన కేంద్రాలకి బట్టలు సర్దుకుని పెట్టెతో సహా రమ్మన్నారు. పాస్‌పోర్టు లేనివాళ్ళకి మన రాయబార కార్యాలయం తాత్కాలిక పత్రం ఇచ్చింది. ఆ ఫారాలు నింపడానికి అక్కడి మనవాళ్ళ సంఘాలు సాయం చేశాయి.

అలా వచ్చిన ఒకామె ఇప్పుడు మా ఊరికి దగ్గర్లోనే జాకెట్లు కుట్టుకుంటోంది. పేరెందుకు లెండి. ఆమె చెప్పిన మాట ఇది: "అక్కా, టికెట్టు ఫ్రీ అన్న సంగతి నాకు మూడో రోజున తెలిసింది. పక్క గదిలో మలయాళం ఆవిడ చెప్పింది. అరబ్బీలో మైకులో చెబుతున్నారు, ఇంగ్లీషులో ఫోన్లో వస్తోంది. నాకు రెండూ రావు. తెలుగులో ఒక్క ముక్క ముందే వచ్చుంటే అయిదు రోజుల్లో రెండు రోజులు పోగొట్టుకునేదాన్ని కాదు. మా రూములో ఇంకో ఆవిడ, అది పోలీసుల ఉచ్చేమోనని భయపడి వెళ్ళనేలేదు." పేరు రాయించుకున్నాక వారాల తరబడి శిబిరంలో ఉంది. మే నెలాఖరుకి విమానమెక్కి గన్నవరంలో దిగింది. క్వారంటైన్ ముగించుకుని ఇంటికొస్తే వీధిలో వాళ్ళు తలుపులేసుకున్నారట. "ఎయిర్‌పోర్టులో దిగినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చిందక్కా" అంది. ఏడేళ్ళు డబ్బు పంపినప్పుడు ఆ వీధి వాళ్ళే ఆవిడ దగ్గర చేబదుళ్ళు పుచ్చుకున్నారు మరి!

అక్కడే కన్నుమూసినవాళ్ళ గురించి రాయడానికి చెయ్యి రావడం లేదు. కరోనాతో పోయిన చాలామందిని అక్కడే ఖననం చేసేశారు. పిల్లలకి ఫోన్లో చూపించిన ఫొటోనే ఆఖరి చూపు.

డబ్బున్న నగరమైతే అన్నీ బాగుంటాయా అంటే అదీ కాదు. సింగపూర్‌లో కూలి పనులు చేసే విదేశీయులు, మన తెలుగువాళ్ళతో సహా, మూడు లక్షల మందికి పైగా పెద్ద పెద్ద వసతి గృహాల్లో ఉంటారు. 2020 ఏప్రిల్‌లో ఆ గృహాలకి తాళాలు పడ్డాయి. ప్రభుత్వమే భోజనం, వైద్యం, ఫోన్లో మాట్లాడుకునే సదుపాయం చూసింది. జీతాలు ఆపొద్దని యజమానులకి చెప్పింది. అంతా మెచ్చుకోదగ్గదే. కానీ గదికి పది పన్నెండు మంచాలేస్తే ఎడం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ ఏడాది చివరికి లెక్క చూస్తే వాళ్ళలో సగానికి సగం మందికి, నూటికి 47 మందికి, జబ్బు సోకి పోయినట్టు తేలింది. భోజనం ప్లేటు బాగానే ఉంది, పడుకునే చోటే బాగాలేదు.

ఆ తర్వాత ఏం మారింది? మన రేషన్ కార్డు విషయంలో చాలా మారింది. కార్డు ఏ రాష్ట్రానిదైనా ఎక్కడైనా బియ్యం తీసుకునే పద్ధతి 2019 ఆగస్టులోనే మన రాష్ట్రానికీ తెలంగాణకీ మధ్య మొదలైంది గానీ, బీహారు కుర్రాడికి అప్పటికి అందలేదు. 2020 మేలో కార్డు లేకపోయినా వలసవాళ్ళకి రెండు నెలలపాటు మనిషికి అయిదు కిలోల ధాన్యం, కుటుంబానికి కిలో శనగలు ఇస్తామని కేంద్రం ప్రకటించింది. 2021 జూన్ 29న సుప్రీంకోర్టు ఈ పద్ధతిని అన్ని రాష్ట్రాలూ పెట్టి తీరాలంది. 2022 జూన్‌లో అస్సాం చేరడంతో దేశమంతా పూర్తయింది. ఇప్పుడు మిల్లు కుర్రాడు మన ఊరి రేషన్ షాపులో వేలిముద్ర వేసి తన వాటా తాను తీసుకోవచ్చు. ఒక రాష్ట్రం తన సొంత ఖర్చుతో ఇచ్చే పప్పు, పంచదార లాంటివి మాత్రం పరాయి రాష్ట్రం కార్డుకి రావు. కూలిపని వాళ్ళ పేర్లు నమోదు చేసే ఈ-శ్రమ్ కూడా 2021 ఆగస్టులోనే మొదలైంది. 16 నుంచి 59 ఏళ్ళ లోపు వాళ్ళు, మీ ఇంట్లో పనిచేసే అమ్మాయితో సహా, ఉచితంగానే చేరవచ్చు. ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వొద్దు.

గల్ఫ్ వెళ్ళే ఆడవాళ్ళున్న ఇళ్ళల్లో వీటిని ఒకసారి చూసుకోండి. పదో తరగతి లేనివాళ్ళ పాస్‌పోర్టు మీద గల్ఫ్ దేశాలకి ఇంటి పనికి వెళ్ళాలంటే ఆడవాళ్ళకి 30 ఏళ్ళు నిండాలి, కేంద్రం వారి అనుమతి ఉండాలి. విజిట్ వీసా మీద పంపిస్తానన్న ఏజెంటు ఆ అనుమతిని తప్పించుకుంటున్నాడని అర్థం. అనుమతితో వెళ్ళినవాళ్ళకి ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. రెండేళ్ళకి 275, మూడేళ్ళకి 375 రూపాయలు, ప్రమాదంలో మరణిస్తే పది లక్షలు. విజిట్ వీసా మీద వెళితే ఆ బీమా కూడా ఉండదు. కువైట్‌లో పనిమనిషి ఇష్టం లేకుండా పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదని 2015లోనే చట్టం వచ్చింది. ఆ సంగతి వెళ్ళేముందే ఆవిడకి తెలియాలి.

పాస్‌పోర్టు, వీసా, ఒప్పంద పత్రం, అక్కడి సివిల్ ఐడీ, బీమా కాగితం, వీటన్నిటికీ రెండేసి జిరాక్సులు తీసి ఒకటి ఇంట్లో పెట్టుకోండి. సేఠు పేరు, ఇంటి అడ్రసు, ఫోను నంబరు ఇంగ్లీషులోనూ తెలుగులోనూ రాయించి పెట్టండి. అక్కడ మన వైపు వాళ్ళు ఇంకెవరైనా ఉంటే వాళ్ళ నంబరూ అడిగి తీసుకోండి, ఎందుకంటే తెలుగులో కబురు చెప్పేది వాళ్ళే. ఆ కవరు బీరువాలో పట్టుచీరల కింద కాకుండా, ఇంట్లో చదువుకున్న పిల్లకి తెలిసే చోట పెట్టండి.