తాతగారి కారు సరే... కాగితాలేవీ?
పాత బండికి ఇన్సూరెన్సు ఖరీదు కాదు, అశ్రద్ధే ఖరీదు

విజయవాడ: ఆటోనగర్‌లో ఏ పాత షెడ్డు ముందైనా కాసేపు నిలబడితే కనిపించే దృశ్యమే ఇది. పాత అంబాసిడరో, ప్రీమియర్ పద్మినో బానెట్టు ఎత్తుకుని నిలబడి ఉంటుంది. పక్కనే ఇరవై ఏళ్లు నిండీ నిండని కుర్రాడు. తాతగారు గుడివాడ సంతకూ, బందరు కోర్టుకూ తిరిగిన కారది. పశువుల కొట్టం పక్కన ఏళ్ల తరబడి దుమ్ము కొట్టుకుపోయాక మనవడి కన్ను దానిమీద పడింది.

ఇంజను విప్పించారు. టింకరింగు అయింది. రంగు వేయించారు. సీట్లకు కొత్త రెగ్జిను కుట్టించారు. జేబు ఖాళీ అయిన తర్వాత గుర్తొచ్చేది ఇన్సూరెన్సు. "నా వయసు తక్కువ, బండి వయసు ఎక్కువ. ప్రీమియం ఎంత గుంజుతారో" అని కుర్రాడి భయం. ఇంగ్లండులో చదువుకునే బంధువుల మాటలు వింటే ఆ భయం రెట్టింపవుతుంది. అక్కడ కుర్ర డ్రైవరంటే కంపెనీలు బాగా ఎక్కువ వసూలు చేస్తాయి మరి.

మన దేశంలో లెక్క వేరు. భయపడవలసిన చోటూ వేరు.

ఇరవైకీ అరవైకీ ఒకటే రేటు

మోటారు వాహన చట్టం ప్రకారం ప్రతి బండికీ తప్పనిసరిగా ఉండవలసింది థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు. మన బండి వల్ల ఎదుటివారికి ప్రాణనష్టమో, గాయమో, ఆస్తి నష్టమో కలిగితే పరిహారం చెల్లించేది ఇదే. దీని ప్రీమియాన్ని కంపెనీలు నిర్ణయించవు, కేంద్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. అందులో నడిపేవాడి వయసు ప్రసక్తే లేదు. చూసేది ఇంజను సైజు మాత్రమే.

2022 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిన రేట్ల ప్రకారం 1000 సి.సి. లోపు సొంత కారుకు ఏడాదికి రూ. 2,094. 1000 నుంచి 1500 సి.సి. వరకు రూ. 3,416. అది దాటితే రూ. 7,897. దీనిమీద 18 శాతం జి.ఎస్.టి. అదనం.

పాత కార్ల ప్రియులకు ఇందులో ఒక కలిసొచ్చే సంగతి ఉంది. పాత పెట్రోలు అంబాసిడరు ఇంజను 1489 సి.సి., పద్మిని 1089 సి.సి. రెండూ మధ్య తరగతిలోనే పడతాయి. పన్నుతో కలిపి సుమారు రూ. 4,031, అంటే నెలకు రూ. 340 లోపు. తర్వాతి కాలంలో 1800 సి.సి. ఇసుజు ఇంజనుతో వచ్చిన అంబాసిడరైతే మాత్రం పై తరగతిలోకి వెళుతుంది, ఖర్చు రెట్టింపు దాటుతుంది. కాబట్టి బండి కొనేముందు ఆర్.సి. పుస్తకంలో సి.సి. అంకె చూసుకోవడం మంచిది.

లేకపోతే ఏమవుతుంది?

ఇన్సూరెన్సు లేకుండా పట్టుబడితే మొదటిసారి రూ. 2,000 జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. రెండోసారి జరిమానా రూ. 4,000. ప్రీమియం కంటే జరిమానాయే తక్కువ కదా అని లెక్కలు వేసేవారు లేకపోలేదు. కానీ అసలు లెక్క పోలీసు దగ్గర తేలేది కాదు, ట్రిబ్యునలులో తేలేది.

నెలకు రూ. 20,000 సంపాదించే 30 ఏళ్ల చిరు వ్యాపారి ప్రమాదంలో మరణించాడనుకుందాం. ఇంట్లో నలుగురు అతని మీద ఆధారపడ్డవారు. సుప్రీంకోర్టు 2009లోనూ, 2017లోనూ స్థిరపరచిన పద్ధతి ప్రకారం, భవిష్యత్తు సంపాదన కింద 40 శాతం కలిపి, సొంత ఖర్చుల కింద నాలుగో వంతు తీసేసి, 17 ఏళ్ల గుణకంతో హెచ్చవేస్తారు. తేలే మొత్తం రూ. 42 లక్షల 84 వేలు. ఇతర పద్దులు దీనికి అదనం. పాలసీ ఉంటే ఇది కంపెనీ కడుతుంది. లేకపోతే నాలుగు వేలు మిగుల్చుకున్నవాడి పొలం గట్టు మీదికి వస్తుంది.

పేరు ఎవరిది?

పాత కార్ల విషయంలో కొంప ముంచేది ప్రీమియం కాదు, ఆర్.సి.లోని పేరు. కారు మనవడు నడుపుతుంటాడు. పుస్తకంలో మాత్రం కాలం చేసిన తాతగారి పేరే ఉంటుంది. కొన్నవారిదీ ఇదే వరస. నాలుగు చేతులు మారినా పేరు మొదటివారిదే.

రిజిస్ట్రేషను ఎవరి పేర ఉంటే చట్టం దృష్టిలో వారే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కారు అమ్మేసి ఊరుకున్న పెద్దమనిషికి కూడా దీంతో చిక్కే. ఇక నడిపేవాడికి జరిగే నష్టం మరొకటి. యజమాని తానే నడుపుతూ ప్రమాదానికి గురైతే రూ. 15 లక్షల వరకు వర్తించే వ్యక్తిగత ప్రమాద బీమా ఉంది. అది దక్కాలంటే ఆర్.సి. అతని పేరనే ఉండాలి, లైసెన్సు చెల్లుబాటులో ఉండాలి. తాతగారి పేరుతో ఉన్న బండిలో మనవడికి ఏమైనా అయితే ఆ రూ. 15 లక్షలు రావు.

దారి కష్టమైనదేమీ కాదు. యజమాని మరణించిన 30 రోజులలోగా వారసుడు ఆర్.టి.ఓ. కార్యాలయానికి తెలియజేస్తే మూడు నెలల వరకు బండి వాడుకోవచ్చు. ఆ గడువులోగా 31వ నంబరు ఫారంతో బదిలీకి దరఖాస్తు చేయాలి. కొనుగోలైతే 29, 30 నంబరు ఫారాలు. పేరు మారగానే ఇన్సూరెన్సు కూడా మార్పించుకోవాలి.

పదిహేనేళ్లు దాటిన కారుకు ఆర్.సి.ని అయిదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. బండి తనిఖీకి నిలబడాలి. 20 ఏళ్లు దాటిన కార్లకు ఈ ఫీజును కేంద్రం 2025 ఆగస్టులో రూ. 10,000కు పెంచింది. నిజానికి పాత కారు పోషణలో ఇదీ బరువైన పద్దే. బరువని మానేస్తే చెల్లని ఆర్.సి.తో తిరిగినట్టే. అప్పుడు సొంత బండి నష్టానికి క్లెయిము పెట్టినా కంపెనీ తిరస్కరించే వీలుంది.

లైసెన్సు సంగతి వేరే చెప్పనక్కర్లేదు. అది లేకుండా ప్రమాదం చేస్తే కంపెనీ బాధితుడికి చెల్లించినా, తర్వాత ఆ సొమ్మును యజమాని నుంచి వసూలు చేసుకోవచ్చు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లవాడి చేతికి తాళాలిస్తే పెద్దలకు రూ. 25,000 జరిమానా, మూడేళ్ల వరకు జైలు.

బుడమేరు నేర్పిన పాఠం

థర్డ్ పార్టీ పాలసీ ఎదుటివారికి మాత్రమే. సొంత బండి దొంగతనానికి పోయినా, కాలిపోయినా, నీట మునిగినా అందులోంచి పైసా రాదు. 2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం ప్రాంతాలు మునిగినప్పుడు ఎన్నో కుటుంబాలకు ఈ తేడా అనుభవంలోకి వచ్చింది. సమగ్ర పాలసీ ఉన్నవారు క్లెయిము పెట్టుకున్నారు. లేనివారు మెకానిక్కుల దగ్గర క్యూ కట్టారు.

అయితే పదిహేనేళ్లు దాటిన కార్లకు సమగ్ర పాలసీ ఇవ్వడానికి చాలా కంపెనీలు వెనుకాడతాయి. ఇచ్చేవారు ముందుగా బండిని తనిఖీ చేస్తారు. అయిదేళ్లు దాటిన కారు విలువకు పట్టిక ఏమీ ఉండదు. కంపెనీ, యజమాని మాట్లాడుకుని ఒప్పుకున్నదే విలువ. అందుకే ఆటోనగర్ బిల్లులు పారేయకూడదు. ఇంజను పనికీ, రంగుకూ, విడిభాగాలకూ అయిన ఖర్చుల రసీదులు, కారు ఫొటోలు దగ్గర ఉంటే బేరానికి బలం. ఇంకో మాట. విలువ ఎంత రాయించుకున్నా, మరమ్మతు క్లెయిములో పదేళ్లు దాటిన బండి లోహపు భాగాలకు సగం, టైర్లు, బ్యాటరీ, రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు సగం తరుగు కింద పోతుంది. నీట మునిగిన ఇంజనును ఆదుర్దాగా స్టార్టు చేసి చెడగొట్టుకుంటే ఆ నష్టానికి మామూలు పాలసీ సాధారణంగా వర్తించదు.

'వింటేజి' ఆశ

తొలి రిజిస్ట్రేషను జరిగి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు లేని సొంత వాహనాలను 2021 నిబంధనల ప్రకారం వింటేజిగా నమోదు చేయించవచ్చు. అలా నమోదైన కారుకు థర్డ్ పార్టీ ప్రీమియంలో సగం తగ్గింపు. అంబాసిడరుకైతే రూ. 1,708 చాలు. నమోదు ఫీజు పదేళ్లకు రూ. 20,000. మామూలు పునరుద్ధరణ రెండుసార్లు చేయించినా అంతే అవుతుంది.

మరి చిక్కెక్కడ? వింటేజి బండిని రోజువారీ పనులకు వాడకూడదు. ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, మరమ్మతుకో మాత్రమే రోడ్డెక్కాలి. ఆదివారం షోకుకు సరే. ఉయ్యూరు నుంచి రోజూ విజయవాడ కాలేజీకి వచ్చే కుర్రాడికి పనికిరాదు.

తగ్గించుకునే తోవలు

సమగ్ర పాలసీ దొరికితే, చిన్న నష్టాన్ని తామే భరిస్తామని రాసిస్తే సొంత నష్టం ప్రీమియం తగ్గుతుంది. క్లెయిము లేని ఏడాదికి 20 శాతంతో మొదలై 50 శాతం దాకా రాయితీ పెరుగుతుంది. పాలసీ గడువు దాటి 90 రోజులు అశ్రద్ధ చేస్తే అది కాస్తా పోతుంది. నడిపిన కిలోమీటర్లను బట్టి ప్రీమియం కట్టే పద్ధతికి 2022లో అనుమతి వచ్చింది. తక్కువ తిరిగే పాత కారుకు అది ఇస్తారేమో అడిగి చూడవచ్చు. ప్రీమియంలో కొద్దిపాటి తగ్గింపు కోసం ఎదుటివారి ఆస్తి నష్టం పరిమితిని రూ. 7.5 లక్షల నుంచి రూ. 6,000కు కుదించుకునే వీలుంది. ఇది మాత్రం తగదు. ఈ రోజుల్లో కారు హెడ్‌లైటుకే అంతకంటే ఎక్కువవుతుంది.

బీమా ఈ ప్రాంతానికి కొత్త విద్య కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్య బందరులో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ స్థాపించింది 1925లోనే. ఆనాటి పెద్దలకు కాగితం విలువ తెలుసు. తాతగారి కారును ముద్దుగా చూసుకునే మనవడు ఆయన ఇనప్పెట్టెలోని ఆర్.సి. పుస్తకాన్ని కూడా ఒకసారి తెరిచి, అందులో పేరు ఎవరిదో చదువుకోవాలి. రంగు ఆ తర్వాత వేయించుకోవచ్చు.