పొగ ఇక్కడ, సరుకు అక్కడ.. కార్బన్ బిల్లు ఎవరు కట్టాలి?

2026 జనవరి 1 నుంచి యూరోపియన్ యూనియన్‌కు వెళ్లే ఉక్కు, అల్యూమినియం, సిమెంట్, ఎరువుల మీద కొత్త లెక్క మొదలైంది. వాటిని తయారు చేసేటప్పుడు ఎంత కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలిసిందో చూసి, దానికి తగ్గట్టు అక్కడి దిగుమతిదారు డబ్బు కట్టాలి. దీని పేరు సీబీఏఎం. మామూలు మాటల్లో చెప్పాలంటే సరిహద్దు కార్బన్ పన్ను. కట్టేది అక్కడివాళ్లే అయినా, ఆ మేరకు ధర తగ్గించమని అడిగేది మన ఫ్యాక్టరీనే.

పొగ ఎవరి ఖాతాలో?

అంతర్జాతీయ లెక్కల్లో పొగ ఏ దేశంలో వస్తే ఆ దేశం ఖాతాలోనే రాస్తారు. మన దగ్గర తయారైన ఉక్కు జర్మనీలో కారుగా మారినా, ఆ ఉక్కు తాలూకు పొగ మాత్రం భారత్ పేరు మీదే ఉంటుంది. 2001లో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరాక చైనా ప్రపంచానికే ఫ్యాక్టరీ అయింది. ఈరోజు ప్రపంచ కార్బన్ ఉద్గారాల్లో దాదాపు మూడో వంతు అక్కడివే. అందులో కొంత భాగం వేరే దేశాల ఇళ్లకు చేరిన సరుకుల కోసం వచ్చిన పొగే. ధనిక దేశాలు సరుకు తెచ్చుకున్నాయి, పొగను బయటే వదిలేశాయి.

ఉక్కుకు అంత పొగ ఎందుకు?

ఇనుప ఖనిజంలో ఇనుము ఆక్సిజన్‌తో కలిసి ఉంటుంది. దాన్ని విడదీయడానికి కొలిమిలో బొగ్గు నుంచి చేసిన కోక్ వేస్తారు. అందులోని కార్బన్, ఆక్సిజన్‌తో కలిసి చివరికి కార్బన్ డయాక్సైడ్‌గా బయటికి వస్తుంది. విశాఖ ఉక్కు కర్మాగారం నడిచేదీ ఈ పద్ధతిలోనే. ఒక టన్ను ఉక్కుకు మన దేశంలో సగటున సుమారు 2.5 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంటే, ప్రపంచ సగటు 1.9 టన్నుల దగ్గర ఉంది. పాత ఇనుము కరిగించి చేస్తే పొగ చాలా తక్కువ. కానీ మన దగ్గర తుక్కు సరిపడా దొరకదు.

ఇదెక్కడి ఇన్సాఫ్?

ఒక్కో భారతీయుడి వాటాకు ఏడాదికి వచ్చే కార్బన్ డయాక్సైడ్ సుమారు 2 టన్నులు. అమెరికాలో అది 14 టన్నుల దాకా ఉంటుంది. వందేళ్లకు పైగా బొగ్గు కాల్చి ఎదిగిన దేశాలు, ఇప్పుడిప్పుడే ఎదుగుతున్న దేశాల సరుకు మీద లెక్క కడుతున్నాయని భారత్ అభ్యంతరం చెబుతోంది. యూరప్ జవాబు వేరు: తమ ఫ్యాక్టరీలు కూడా కార్బన్‌కు డబ్బు కడుతున్నాయి, బయటి సరుకుకు మినహాయింపు ఇస్తే ఫ్యాక్టరీలే బయటికి వెళ్లిపోతాయి. రెండు మాటల్లోనూ నిజం ఉంది. అయితే వసూలైన సొమ్ము పేద దేశాల కొలిములు మార్చడానికి వెళ్లాలన్న నిబంధన మాత్రం లేదు. అసలు గొడవ అక్కడే.

దారేది?

వ్యాపారం పొగనే కాదు, పరిష్కారాన్నీ మోసుకొస్తుంది. చైనా భారీగా తయారు చేయడం వల్లే సోలార్ ప్యానెళ్లు ఇంత చవకయ్యాయి. సీబీఏఎంలో ఇంకో వెసులుబాటు కూడా ఉంది. కార్బన్‌కు సొంత దేశంలో ఇప్పటికే ధర కట్టి ఉంటే, ఆ మేరకు యూరప్‌లో తగ్గిస్తారు. భారత్ 2023లో కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకాన్ని ప్రకటించింది. అది గట్టిగా అమలైతే బయటికి పోయే సొమ్ము ఇక్కడే ఉంటుంది. ఆ సొమ్ము కొత్త కొలిములకు, కార్మికులకు పని నేర్పడానికి ఖర్చయితేనే ఫాయిదా. లేదంటే ఆర్డర్లు తగ్గినప్పుడు మొదట పని పోయేది కాంట్రాక్ట్ కూలీకే.