దృశ్యరూపమున దయ్యపు కథ

క్రిస్మస్ రాత్రులందు దయ్యపు కథలు చెప్పుకొనుట ఆంగ్లేయుల ఆచారము. ఎం. ఆర్. జేమ్స్ తన కథలను ఆ దినములలోనే కేంబ్రిడ్జి మిత్రులకు చదివి వినిపించెడివాడు. బి.బి.సి. 1971 మొదలు అట్టి కథలను క్రిస్మస్ వేళ టెలివిజనుపై ప్రదర్శించెను. 1976లో డికెన్సు రచించిన ‘సిగ్నల్‌మాన్’ వంతు వచ్చెను. శ్రోత ఊహకు విడిచిన రూపమును తెర చూపక తప్పదు. చూపినకొలది భయము సన్నగిల్లును. దర్శకుడు లారెన్స్ గోర్డన్ క్లార్క్ దయ్యమును లిప్తకాలమే చూపి, నిర్జన ప్రదేశములచేతను నిశ్శబ్దముచేతను భీతి గొలిపెను.

మన భేతాళుని తీరు వేఱు. 1985లో దూరదర్శన్ ‘విక్రమ్ ఔర్ బేతాళ్’ను ప్రసారము చేసెను. ఇందు భేతాళుడు ఎంత స్పష్టముగా కనబడినను కథకు హాని లేదు. ఏలయన, అచ్చటి భయము రూపమున గాక ప్రశ్నయందున్నది: సమాధాన మెఱిగియు పలుకకున్న రాజు తల వ్రక్కలగును. కావున భీతిని తెరపై నిలుపగోరువాడు, అది కథలో ఎచ్చట నున్నదో తొలుత గ్రహింపవలెను.