రాజు విందును వద్దన్న వృద్ధుడు

మా అమ్మకు 80 ఏళ్లు నిండిన రోజు సాయంత్రం ఆమెను సికింద్రాబాద్ సైనిక్‌పురిలో మా ఇంటికి దగ్గరలోనే ఉన్న ఒక ఖరీదైన రెస్టారెంటుకు తీసుకెళ్లాం. పాత బంగళాను బాగుచేసి పెట్టిన హోటల్ అది. చర్చికి వెళ్తూ వస్తూ రోజూ దాన్ని చూసేవాడినే గానీ లోపల అడుగుపెట్టింది ఆ రోజే. పాస్టరు జీతానికి అందే చోటు కాదు. కొంతకాలం కూడబెట్టి మరీ వెళ్లాం.

మసక వెలుతురు, మెత్తటి కుర్చీలు, ఇంగ్లిషులో మెనూ. అమ్మ కళ్లద్దాలు సరిచేసుకుని అంకెలు మాత్రం చదివింది. ‘సూపు 380 రూపాయలా నాయనా?’ అంది. ‘అదంతా నీకెందుకమ్మా, నువ్వు తిను’ అన్నాను. నవ్వుతూనే అన్నాను. ఆమె మళ్లీ నోరెత్తలేదు. తెచ్చినవన్నీ కాస్త కాస్త నోట్లో వేసుకుని, చివరికి ‘పెరుగన్నం దొరుకుతుందేమో అడుగు’ అంది. నాకు చిరాకేసింది. ఇంత ఖర్చుపెట్టి తీసుకొస్తే పెరుగన్నమా?

ఆ రాత్రి నిద్రపట్టలేదు. సెమినరీ రోజుల్లో చదివిన యెరూషలేము తాల్మూదులోని ఒక కథ గుర్తొచ్చింది. ఒకడు తండ్రికి బలిసిన కోళ్లు వండిపెట్టేవాడు. ఇవి ఎక్కడివిరా అని తండ్రి అడిగితే, కుక్కలు నోరుమూసుకుని తింటాయి కదా, నువ్వూ అలాగే తినమన్నాడు. వాడు నరకానికి పోయాడంటారు యూదు బోధకులు. మరొకడు తిరగలి విసిరి బతికేవాడు. తిరగలివాళ్లను రాజు వెట్టికి పిలిచినప్పుడు తండ్రిని తన తిరగలి దగ్గర కూర్చోబెట్టి తాను వెళ్లాడు, అవమానమైనా దెబ్బలైనా అక్కడ తనకే తగలనీ అని. తండ్రికి కోడికూర పెట్టని ఆ కొడుకు పరదైసుకు వెళ్లాడు. తల్లిదండ్రులను సన్మానించాలన్న ఆజ్ఞను (నిర్గమ 20:12) మనం ఐదవదంటాం, మన లూథరన్ సోదరులు నాలుగవదంటారు. లెక్క ఏదైనా అక్కడి హెబ్రీ మాటకు మూలం ‘బరువు’. అమ్మ అడిగిన చిన్న ప్రశ్నకు నేను ఏ బరువూ ఇవ్వలేదు.

మర్నాడు ఆమె పక్కన కూర్చుని అడిగాను. ‘రెండేళ్లుగా నాకు రుచి తెలియడం లేదు నాయనా. నువ్వు తింటుంటే చూద్దామని వచ్చాను. నువ్వేమో ఫోనులోనే ఉన్నావు’ అంది. ఒకే ఇంట్లో ఉంటున్నాం. రెండేళ్లు! ప్రార్థన కూడికలు ముగించుకుని నేను ఇల్లు చేరేసరికి ఆమె నిద్రపోయి ఉండేది. దేవునికి అర్పించామని చెప్పి తల్లిదండ్రులకు చేయవలసింది ఎగ్గొట్టే ‘కొర్బాను’ను యేసుప్రభువు ఖండించాడని (మార్కు 7:11) పరిసయ్యుల మీద ఎన్ని ప్రసంగాలు చేశానో లెక్కలేదు.

అబ్షాలోము తిరుగుబాటప్పుడు దావీదు యోర్దాను దాటి మహనయీముకు పారిపోతే, ఆయనకు ఆహారం సమకూర్చినవారిలో గిలాదీయుడైన బర్జిల్లయి ఒకడు. తిరిగి వెళ్తూ, నాతో యెరూషలేముకు రా, నిన్ను పోషిస్తానన్నాడు రాజు. బర్జిల్లయికి అప్పటికి 80 ఏళ్లు. తిన్నదాని రుచి తెలియదని, గాయకుల స్వరం వినబడదని, తల్లిదండ్రుల సమాధి ఉన్న సొంత ఊరిలోనే చనిపోనివ్వమని బతిమాలాడు. తన బదులు కింహామును తీసుకెళ్లమన్నాడు (2 సమూ. 19:31-40). రాజు కృతజ్ఞత మీద ఈ భాగాన్ని చాలాసార్లు బోధించాను. ఆ పెద్దాయన నాలుక సంగతి ఎన్నడూ పట్టించుకోలేదు. దావీదు మాత్రం పట్టించుకున్నాడు. నొచ్చుకోలేదు, బలవంతపెట్టలేదు. నీకు ఏది ఇష్టమో అదే చేస్తానని ముద్దుపెట్టుకుని పంపాడు.

మన సంఘాల్లోనూ పెద్దవాళ్ల పుట్టినరోజులు ఘనంగానే జరుగుతున్నాయి. కేకు కోయిస్తాం, ఫొటోలు దిగుతాం. ఏం తింటారని వాళ్లను అడిగేవారు అరుదు. నేనూ అడగలేదు.

ఇప్పుడు సోమవారాలు మధ్యాహ్నం ఇంట్లోనే అమ్మతో కలిసి భోంచేస్తున్నాను. ఫోను పక్క గదిలో ఉంటుంది. ఆమెకు బాగా మెత్తగా కలిపిన పెరుగన్నం. టమాటాలు కిలో ఎంతని అడుగుతుంది, చెబుతాను. మొన్న ఆ హోటల్ బిల్లు ఎంతయిందో కూడా చెప్పేశాను. ‘అమ్మో!’ అని చాలాసేపు నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి, ‘ఈసారి నా బదులు మనవరాలిని తీసుకెళ్లు, దానికి అలాంటివి ఇష్టం’ అంది.