ట్యాపుకి పైనా, కిందా

మన ఊళ్లలో పెట్రోలు వాసనకి ఎవరూ భయపడినట్టు గుర్తులేదు. స్కూటరు స్టార్టవకపోతే పక్కకి వంచేవాళ్లు. పాత బుల్లెట్ కార్బొరేటర్‌కి టిక్లర్ అని చిన్న బొత్తం ఉండేది. వేలు పెట్రోలుతో తడిసేదాకా దాన్ని నొక్కి, అప్పుడు కిక్కు కొట్టేవాళ్లు. బండి వేపచెట్టు కిందో వరండాలోనో ఉండేది కాబట్టి ఆ వాసన గాలికి పోయేది.

అమెరికాలో బండి గరాజ్‌లో ఉంటుంది. తలుపు మూసేస్తాం. పైన పడకగది. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేలమీదే పరుచుకుంటుంది. చాలా ఇళ్లలో గ్యాసు వాటర్ హీటరు కూడా ఆ గరాజ్‌లోనే ఉంటుంది. పాతవాటిలో అయితే ఇరవై నాలుగ్గంటలూ వెలిగే చిన్న పైలట్ మంట. గరాజ్‌లో నిప్పు పుట్టించే భాగం నేలకి 18 అంగుళాల ఎత్తున ఉండాలని ఇక్కడి నిర్మాణ నియమాలు చెప్పేది ఇందుకే. పాతబండి అన్నాక ఆమాత్రం వాసన ఉంటుందిలే అనే మాట నేనొప్పుకోను. నా 1972 హోండా సీబీ350 వాసన వేసిందంటే ముందు తలుపు తీసి బండిని బయటికి తోస్తాను. మిగతా పరిశోధన అంతా ఆరుబయటే.

చుక్క కనబడదు, వాసన మాత్రం వస్తుంది. పెట్రోలు కారినచోటే ఆరిపోతుంది మరి. నేను చేసేది ఒకటే. ట్యాంకు కింద ట్యాపు కట్టేసి, ఇంజను దానంతటది ఆగేదాకా తిరగనిస్తాను. కార్బొరేటర్ గిన్నెలు దాదాపు ఖాళీ అవుతాయి. రాత్రంతా బయటే ఉంచి పొద్దున్న చూస్తే, వాసన ఇంకా ఉందంటే లోపం పైన: ట్యాంకు అతుకు, మూత వాషరు, లేదా ట్యాపే. లేదంటే కింద: గొట్టాలు, కార్బొరేటర్లు.

ఇందులో ఒక తిరకాసుంది. ట్యాపు కట్టినా లోపల కట్టుకోకపోవచ్చు. గొట్టం ఊడదీసి కింద సీసా పెట్టి పది నిమిషాలు చూడాలి. నా బండిలో చుక్క చుక్కగా దిగింది. లోపలి రబ్బరు వాషరు బిస్కెట్‌లా గట్టిపడిపోయింది. తప్పు కంపెనీది కాదు, యాభై ఏళ్ల వయసుది. ఇక్కడి పెట్రోల్లో చాలావరకు 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అప్పటి రబ్బర్లు దాన్ని ఊహించి చేసినవి కావు. ఇండియాలో ఇప్పుడు 20 శాతం. అక్కడ పాత బుల్లెట్లు, యెజ్డీలు దాచుకున్నవాళ్లకీ ఈ బాధ తప్పదు.

ట్యాపు కారినా, కింద ఫ్లోటు నీడిల్ సరిగ్గా మూసుకుంటే పెట్రోలు అక్కడే ఆగాలి. నీడిల్ మొనచుట్టూ గాడి పడిందంటే ఆగదు. ఇత్తడి ఫ్లోటుని చెవి దగ్గర ఊపితే లోపల గలగలమన్నా అంతే, చిల్లుపడి మునిగిపోతోందన్నమాట. వేడినీళ్లలో ముంచితే చిల్లున్నచోట బుడగలొస్తాయి. అలాంటిదాన్ని అతికించుకుందామని టంకం పట్టుకోకండి, లోపలున్నది పెట్రోలు. కొత్తది వెయ్యడమే మేలు.

అసలు నష్టం కంటికి కనబడనిది. పొంగిన పెట్రోలు బయటికే రావాలని లేదు, సిలిండర్లోకి జారి, అక్కణ్ణించి ఇంజనాయిల్లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీసి ముక్కు దగ్గర పెట్టుకోండి. పెట్రోలు వాసన వచ్చినా, ఆయిలు మట్టం పెరిగినా స్టార్టు చెయ్యొద్దు. పలచబడిన ఆయిలు బేరింగుల్ని కాపాడదు. ముందు లీకు ఆపి, తర్వాత ఆయిలు మార్చాలి. నేను అదే వరసలో చేశాను: ట్యాపు వాషర్లు, రెండు నీడిళ్లు, ఇథనాల్‌కి తట్టుకునే కొత్త గొట్టాలు, చివర్న ఆయిలు.

దించిన పాత పెట్రోలుని మూత బిగిసే డబ్బాలో పోసి, కౌంటీవాళ్లు ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే రోజున ఇచ్చొచ్చాను. తడిసిన గుడ్డల్ని మాత్రం పెరట్లో తీగమీద విడివిడిగా ఆరేశాను. మా ఆవిడ చూసి అవి పాత చొక్కాలా కొత్తవా అని అడిగింది.