కన్నులు మూసుకొని ఎన్నుకోండి

రైల్వే ఉద్యోగాల కోసం వలస వచ్చిన తెలుగు కుటుంబాలు బిలాస్‌పూర్‌లో తరతరాలుగా నివసిస్తున్నాయి. 2003లో ఈ పట్టణం ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రమైంది. అక్కడి విశ్రాంత ఉద్యోగి ఒకరు ఘంటసాల పాటలు వినడానికి ఖరీదైన స్ట్రీమర్ కొనదలచారనుకుందాం. ఒకదాని వెల లక్ష రూపాయలు. మరొకటి మూడు లక్షలు. జీవితకాలపు పొదుపులో ఎంత వెచ్చించాలి?

స్ట్రీమర్ ఇంటర్నెట్ నుండి పాటను అంకెల రూపంలో గ్రహిస్తుంది. ‘డాక్’ అనే భాగం ఆ అంకెలను విద్యుత్ తరంగాలుగా మారుస్తుంది. సీడీ నాణ్యత అంటే సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కొక్కటి 16 బిట్లు. ‘ఫ్లాక్’ పద్ధతి వాటిలో ఒక్క బిట్టునైనా పోగొట్టకుండా కుదిస్తుంది. కనుక ఒకే పాటను ఒకే సేవ నుండి తెచ్చినప్పుడు, చౌక యంత్రానికీ ఖరీదైన యంత్రానికీ అందే అంకెలు ఒక్కటే.

అయితే తేడాను కనుగొనడమెలా? మొదట రెండింటి ధ్వని స్థాయిని కొలిచి సమం చేయాలి. రవంత బిగ్గరగా మోగినదే మధురమని చెవి భ్రమపడుతుంది. పిదప ఏది మోగుతున్నదో చెప్పకుండా మరొకరు మార్చి మార్చి వినిపించాలి. పదే పదే విన్నా పోల్చలేకపోతే, అధిక ధర చెవి కోసం కాదు.

అప్పుడు చూడవలసినవి వేరు: సాఫ్ట్‌వేర్ సవరణలు ఎన్నేళ్ళు అందుతాయి? మరమ్మతుకు ఏ ఊరికి పంపాలి? మిగిలిన సొమ్ము మంచి స్పీకర్లకు, ప్రతిధ్వనిని అణచే తెరలకు వినియోగిస్తే ఫలితం స్పష్టంగా వినిపిస్తుంది.

1957 నాటి ‘మాయాబజార్’ పాటలను ఎంత గొప్ప యంత్రంలో విన్నా, నాడు ముద్రితం కాని స్వరాన్ని అది సృష్టించలేదు. ఉన్నదానిని చెక్కుచెదరకుండా అందిస్తే చాలు.