ఆటకు యజమాని ఉన్నప్పుడు: దక్షిణ కొరియా ఎల్‌సీకే లీగు పరిణామం

ఉపోద్ఘాతం:

తెలుగులో ‘ఆట’ అనే మాట రెండు పనులు చేస్తుంది. మైదానంలో ఆడేదీ ఆటే, సినిమాహాలులో చూపించేదీ ఆటే. ‘మొదటి ఆట’, ‘రెండో ఆట’ అనే వ్యవహారం అందరికీ తెలిసినదే. కంప్యూటరు ముందు కూర్చుని ఆడేదానిని జనం తరలివచ్చి చూసే ప్రదర్శనగా మలచిన దేశాలలో దక్షిణ కొరియాది అగ్రస్థానం. అక్కడి ‘లీగ్ ఆఫ్ లెజెండ్స్ ఛాంపియన్స్ కొరియా’ (ఎల్‌సీకే) నేడు ఈ-స్పోర్ట్స్ రంగంలో ప్రపంచమంతా గమనించే లీగు. దీని ఎదుగుదలకు క్రీడాకారుల ప్రతిభనే కారణంగా చెప్పడం పరిపాటి. ఆ ప్రతిభ కాదనలేనిది. అయితే ఆట ఎవరి సొత్తు అనే ప్రశ్నను విడిచిపెడితే ఈ లీగు చరిత్ర సగమే అర్థమవుతుంది.

పీసీ బాంగ్‌లు - టెలివిజన్:

1997లో కొరియాను విదేశీ మారకద్రవ్య సంక్షోభం కుదిపివేసింది. ఉద్యోగాలు పోయినవారిలో కొందరు చిన్న పెట్టుబడితో ‘పీసీ బాంగ్’లు తెరిచారు. ‘బాంగ్’ అంటే గది. గంటకు ఇంత అని చెల్లించి కంప్యూటరు వాడుకునే గదులివి. 2000 ప్రాంతాల్లో తెలుగు పట్టణాల్లో వెలసిన ఇంటర్నెట్ సెంటర్లను గుర్తుచేసుకుంటే వీటి రూపం కొంత బోధపడుతుంది. అదే సమయంలో ప్రభుత్వం బ్రాడ్‌బ్యాండ్ విస్తరణకు పూనుకుంది. 1998లో అమెరికాకు చెందిన బ్లిజార్డ్ సంస్థ ‘స్టార్‌క్రాఫ్ట్’ను విడుదల చేసింది. ఈ మూడూ కలిసిరావడంతో గదిలోని పోటీ వీధికి, వీధిలోని పోటీ నగరానికి పాకింది. 2000లో ఆటలకే అంకితమైన ‘ఆన్‌గేమ్‌నెట్’ (ఓజీఎన్) ఛానెల్ మొదలైంది. కొరియా ఈ-స్పోర్ట్స్ సంఘం ఏర్పడింది కూడా ఆ సంవత్సరమే. వ్యాఖ్యాతలు, జట్ల యూనిఫాంలు, అభిమానుల ప్లకార్డులు, సముద్రతీరంలో ఫైనల్స్ - నేడు ఈ-స్పోర్ట్స్ సంప్రదాయంగా భావిస్తున్న వాటిలో చాలా భాగం ఈ దశలో రూపుదిద్దుకున్నదే.

ఈ సంస్కృతిని నిర్మించినవారికి ఆటపై హక్కు లేదన్న సంగతి ఆలస్యంగా బయటపడింది. 2007లో సంఘం ప్రసార హక్కులను అమ్మడంతో, ఆట తన మేధోసంపత్తి అని బ్లిజార్డ్ అభ్యంతరం చెప్పింది. వివాదం న్యాయస్థానానికి చేరి, 2011లో రాజీతో ముగిసింది. ఈలోగా 2010లో వెలుగుచూసిన మ్యాచ్ ఫిక్సింగ్ స్టార్‌క్రాఫ్ట్ ప్రతిష్ఠను దెబ్బతీసింది. చదరంగానికి గానీ కబడ్డీకి గానీ ఇటువంటి వ్యాజ్యం ఎదురుకాదు. వాటి నియమాలు ఏ సంస్థ ఆస్తీ కావు.

లీగు అవతరణ:

రయట్ గేమ్స్ 2009లో విడుదల చేసిన ‘లీగ్ ఆఫ్ లెజెండ్స్’ 2011 చివరలో కొరియాకు వచ్చింది. ఐదుగురు సభ్యుల జట్లు రెండు తలపడి, ప్రత్యర్థి స్థావరంలోని ప్రధాన కట్టడాన్ని కూల్చడం ఇందులోని లక్ష్యం. 2012లో ఓజీఎన్ ‘ది ఛాంపియన్స్’ పేరుతో పోటీలు ప్రారంభించింది. 2015లో ఇదే ఎల్‌సీకేగా మారింది. 2013 నుంచి 2025 వరకు జరిగిన 13 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లలో 10 కొరియా జట్లకే దక్కాయి. ‘ఫేకర్’గా ప్రసిద్ధుడైన లీ సాంగ్-హ్యోక్ 2013లో రంగప్రవేశం చేసి, ఒకే సంస్థ జట్టులో కొనసాగుతూ 2013, 2015, 2016, 2023, 2024, 2025 సంవత్సరాల్లో ఆరుసార్లు ప్రపంచ విజేతగా నిలిచాడు.

ఈ విజయాలకు వెల కూడా ఉంది. 2014లో సియోల్‌లోని ప్రపంచకప్ ఫుట్‌బాల్ స్టేడియంలో శాంసంగ్ వైట్ జట్టు విజేత అయింది. కొద్ది వారాలకే శాంసంగ్ రెండు జట్లలోని పదిమంది ఆటగాళ్లూ చైనా లీగుకు తరలిపోయారు. అక్కడి జీతాలతో కొరియా సంస్థలు పోటీపడలేకపోయాయి. కొరియా శిక్షణ పద్ధతి ప్రపంచమంతా వ్యాపించడానికి ఈ వలస ఒక ముఖ్య కారణమని చెప్పవచ్చు. తర్వాత 2018, 2019, 2021లలో కప్పు చైనా జట్లకు చేరడం యాదృచ్ఛికం కాకపోవచ్చు.

రాజ్యం ఆటను చూసిన తీరు కూడా ఒకేలా లేదు. 16 ఏళ్లలోపు పిల్లలు అర్ధరాత్రి నుంచి ఉదయం 6 గంటల వరకు ఆన్‌లైన్ ఆటలు ఆడరాదన్న చట్టం 2011లో అమలులోకి వచ్చి, 2022 ఆరంభంలో రద్దయింది. మరుసటి ఏడాది హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన లీగ్ ఆఫ్ లెజెండ్స్ ఆటగాళ్లకు, ఇతర క్రీడాకారులతో సమానంగా నిర్బంధ సైనికసేవలో మినహాయింపు లభించింది. పిల్లలను ఏ ఆట నుంచి కాపాడాలనుకున్నదో ఆ ఆటే దేశానికి పతకం తెచ్చింది.

ఓజీఎన్ నిష్క్రమణ - జట్ల నష్టాలు:

2019లో ఎల్‌సీకే నిర్మాణ బాధ్యతను రయట్ స్వయంగా చేపట్టి, పోటీలను సియోల్ జోంగ్నో ప్రాంతంలోని తన ‘లోల్ పార్క్’కు మార్చింది. లీగును పుట్టించిన ఓజీఎన్ పక్కకు తప్పుకోవలసి వచ్చింది. స్టార్‌క్రాఫ్ట్ కాలంలో న్యాయస్థానం దాకా వెళ్లిన ప్రశ్న ఈసారి పెద్దగా చప్పుడు లేకుండానే పరిష్కారమైంది. 2021 నుంచి పది జట్లతో ఫ్రాంచైజీ పద్ధతి మొదలై, కింది లీగుకు జారిపోయే భయం తొలగింది. పెట్టుబడులు వచ్చాయి, జీతాలు పెరిగాయి. కానీ ఆదాయం ఆ వేగంతో పెరగలేదు. 2024 జనవరిలో పది జట్లూ ఉమ్మడి ప్రకటన చేస్తూ, మూడేళ్లలో తమ నష్టాలు 10,000 కోట్ల వాన్లను మించాయని వెల్లడించాయి. ప్రపంచ విజేతగా నిలిచిన జట్టూ అందులో సంతకందారే కావడం గమనార్హం.

అదే ఏడాది రయట్ కొత్త పంపిణీ విధానాన్ని ప్రకటించింది. ఆటలో అమ్మే ఈ-స్పోర్ట్స్ సంబంధిత డిజిటల్ వస్తువుల రాబడితో ఒక నిధి ఏర్పరచి, జట్లకు చెందే మొత్తంలో 50 శాతాన్ని అగ్రశ్రేణి జట్లన్నిటికీ, 35 శాతాన్ని పోటీ ఫలితాలను బట్టి, 15 శాతాన్ని అభిమానుల ఆదరణను బట్టి పంచాలన్నది ఇందులోని ఏర్పాటు. ఫేకర్ వంటి ఆటగాడున్న జట్టుకు చివరి వాటా కలిసివస్తుంది. పట్టికలో అడుగున ఉండే జట్టుకు మొదటి వాటాయే దిక్కు. ఏ వస్తువును ఎప్పుడు, ఎంతకు అమ్మాలన్నది మాత్రం రయట్ చేతిలోనే ఉంది.